టెక్స్‌చర్ పెయింటింగ్‌కి ఏ ఫ్రేమ్? రంగు కంటే ముందు లోతు చూడండి

రంగుని మందంగా పెట్టి, పాలెట్ నైఫ్‌తో లాగి, పేస్టుతో గట్లు కట్టిన కాన్వాస్‌ని ఫ్రేమ్ షాపుకి తీసుకెళ్తే అక్కడ ముందుగా కనిపించేవి గోడ నిండా తగిలించిన మౌల్డింగ్ ముక్కలు, అంటే ఫ్రేమ్ కట్టే పట్టీల నమూనాలు. నలుపు, బంగారు, వాల్‌నట్, తెలుపు. "ఏ రంగు వేద్దాం?" అన్న మాటతోనే పని మొదలవుతుంది. మామూలు ఫొటోకి అది సరైన ప్రశ్నే. టెక్స్‌చర్ పెయింటింగ్‌కి మాత్రం రంగు చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. అంతకంటే ముందు మూడు విషయాలు చూడాలి: రంగు ఎంత ఎత్తుకి లేచింది, నాలుగు అంచులూ ఎలా ఉన్నాయి, కాన్వాస్‌ని బిగించిన లోపలి చెక్క చట్రం ఎంత మందం. ఇవి తెలిశాక ఎంపిక చాలా తేలికవుతుంది.

అద్దం గురించి ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఎక్కువ పెయింటింగులు పాడయ్యేది అక్కడే. మన ఊళ్లలో ఫ్రేమ్ షాపుల పని దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, డిగ్రీ సర్టిఫికెట్ల మీద పెరిగింది. అవన్నీ కాగితం. కాగితానికి అద్దం ఉండాల్సిందే. లేకపోతే దుమ్ము, చెమ్మ, పురుగు వదలవు. తంజావూరు పటాలనీ అద్దం వెనకే పెడతారు. అందుకని కాన్వాస్ తెచ్చినా చెయ్యి అలవాటుగా అద్దం వైపే పోతుంది. "అద్దం వేస్తే సేఫ్ కదా సార్" అని వాళ్లు మంచి మనసుతోనే అంటారు. మీరు మాత్రం వద్దనాలి.

కారణం రంగు ఆరే తీరులో ఉంది. ఆయిల్ రంగులో నీళ్లుండవు, ఆవిరై ఆరడం ఉండదు. అందులోని నూనె గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. పైపొర కొన్ని రోజుల్లో ఆరినట్టే అనిపిస్తుంది కానీ మందంగా పెట్టిన ముద్ద లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. బాగా లావుగా ఉంటే ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. దానికి గాలి ఆడాలి. యాక్రిలిక్ రంగు సంగతి వేరు. నీరు ఆవిరవగానే ఆరుతుంది కానీ అది ఒక రకం ప్లాస్టిక్ పొర, వేడికి మెత్తబడుతుంది. మన మే నెల ఎండలకి కొద్దిగా జిగురుగా కూడా మారుతుంది. అప్పుడు దానికి ఏది ఆనినా అంటుకుంటుంది, అద్దమైనా, ప్లాస్టిక్ కవరైనా, బబుల్ ర్యాప్ అయినా. విడదీసేటప్పుడు గట్ల కొనలు ఊడొస్తాయి. షాపుకి తీసుకెళ్లేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త: నాలుగు మూలలకీ మందపాటి అట్ట లేదా థర్మోకోల్ ముక్కలు కట్టి, పైన చుట్టే కవరు రంగుకి తగలకుండా చూసుకోండి.

ఇంకో కారణం చూపుకి సంబంధించింది. టెక్స్‌చర్ అందం అంతా పక్క నుంచి పడే వెలుగులో, ప్రతి గట్టు వెనకా పడే చిన్న నీడలో ఉంటుంది. అద్దం వేయగానే ట్యూబ్ లైటూ కిటికీ దాని మీద మెరుస్తాయి, ఆ నీడలు కనిపించవు. దేనికోసం డబ్బు పెట్టి కొన్నారో అదే పోతుంది.

ఫ్లోటర్ ఫ్రేమ్: ఎక్కువ సందర్భాల్లో నా సలహా ఇదే

ఫ్లోటర్ అంటే కోసి చూస్తే ఇంగ్లీషు 'ఎల్' అక్షరంలా ఉండే ఫ్రేమ్. కాన్వాస్ దాని లోపల కూర్చుంటుంది, వెనక నుంచి స్క్రూలతో బిగిస్తారు. ముందు వైపు ఫ్రేమ్ ఎక్కడా కాన్వాస్‌ని కప్పదు, చుట్టూ సన్నటి సందు మిగులుతుంది. ఆ సందు లోపల సాధారణంగా నలుపు ఉంటుంది కాబట్టి దూరం నుంచి చూస్తే పెయింటింగ్ గాల్లో నిలబడ్డట్టు కనిపిస్తుంది. చిత్రకారుడు అంచు దాకా లాగిన రంగు, మూలలో పెట్టిన సంతకం, పక్కలకి జారిన పేస్టు అన్నీ బయటే ఉంటాయి. ఫ్రేమ్ ఏదీ నలపదు.

ఇది బాగా కుదరాలంటే లోతు లెక్క సరిగ్గా ఉండాలి. స్ట్రెచర్ చెక్క, అంటే కాన్వాస్‌ని బిగించిన లోపలి చట్రం, మామూలుగా రెండు రకాలు: ముప్పావు అంగుళం, అంటే 18 నుంచి 20 మిల్లీమీటర్లు, లేదా అంగుళంన్నర, అంటే 38 మిల్లీమీటర్లు. మీ పెయింటింగ్‌ది అంగుళంన్నర చెక్క అనుకుందాం. దాని మీద అన్నిటికంటే ఎత్తైన గట్టు 8 మి.మీ. ఉంది. 38కి 8 కలిపితే 46. ఇంకో 3 మి.మీ. వదిలితే ఫ్రేమ్ లోపలి లోతు దాదాపు 50 మి.మీ. ఉండాలి. షాపులో రెడీగా దొరికే ఫ్లోటర్ 40 మి.మీ. లోతుదైతే గట్లు ఫ్రేమ్ కంటే ముందుకు పొడుచుకొస్తాయి. అలా ఉంటే చూడటానికి ఇబ్బంది లేదు, కొందరికి అదే నచ్చుతుంది. కానీ సామాను మార్చేటప్పుడు గోడకి ఆనించి పెడితే మొదటి దెబ్బ ఆ గట్లకే. పిల్లలున్న ఇల్లు, తరచూ ఇళ్లు మారే ఉద్యోగం అయితే లోతైన ఫ్రేమే తీసుకోండి.

చెక్క సన్నగా ఉండి ఫ్రేమ్ లోతుగా ఉంటే తిరకాసు వేరు. కాన్వాస్ గోతిలో పడ్డట్టు లోపలికి పోతుంది, పైనుంచి లైటు పడితే ఫ్రేమ్ పై అంచు నీడ పెయింటింగ్ మీద గీతలా పడుతుంది. అప్పుడు కాన్వాస్ వెనక చెక్క పట్టీలు పెట్టి ఎత్తు లేపమనాలి, ఐదు నిమిషాల పని. స్క్రూ పొడవు కూడా చూడండి. 18 మి.మీ. చెక్కలోకి పొడవాటి స్క్రూ దింపితే అది ముందుకొచ్చి కాన్వాస్‌నే పొడుస్తుంది. ఫ్రేమ్ వెనక భాగం మందం పోను స్క్రూ చెక్కలోకి 12 మి.మీ. దిగితే చాలు. జిగురుతో అంటిస్తామంటే ఒప్పుకోవద్దు. రేపు ఫ్రేమ్ మార్చాలన్నా, కాన్వాస్ వదులైతే బిగించాలన్నా కుదరదు.

సందు ఎంత ఉండాలి? రెండడుగుల లోపు పెయింటింగ్‌కి 5, 6 మి.మీ. చక్కగా సరిపోతుంది. అంతకంటే పెద్దదానికి 8 నుంచి 10. పేస్టు అంచు దాటి పక్కలకి కారి ఉంటే ఆ బయటికొచ్చిన కొన నుంచి కొలవాలి, కాన్వాస్ నుంచి కాదు. ఈ ఒక్క మాట షాపులో గట్టిగా చెప్పండి. లేకపోతే కాన్వాస్ లోపల పెట్టేటప్పుడు ఆ కొనలు ఫ్రేమ్‌కి రాసుకుని విరుగుతాయి.

ఫ్లోటర్ నప్పని చోట్లు కూడా ఉన్నాయి. కాన్వాస్ పక్కల్లో స్టేపుల్ పిన్నులు కనిపిస్తుంటే, అంచులు మరకలతో, సగం వేసిన రంగుతో ఉంటే ఫ్లోటర్ వాటన్నిటినీ బయటపెడుతుంది. చిత్రకారుడు మీకు తెలిసినవారైతే అంచులకి రంగు వేసిమ్మని అడగండి, చాలామంది సంతోషంగా వేసిస్తారు. మీరే బ్రష్ తీసుకుని నలుపు పూయకండి. అది వాళ్ల పని మీద చెయ్యి చేసుకోవడమే అవుతుంది.

ఫ్రేమ్ లేకుండా వదిలేస్తే?

తప్పేమీ లేదు. ఆధునిక చిత్రకారుల్లో మార్క్ రోత్కో తన పెద్ద కాన్వాసులకి ఫ్రేములు వద్దనుకున్నవాడు. అంగుళంన్నర చెక్క మీద బట్టని వెనక్కి మడిచి బిగించి, పక్కలకీ రంగు వేసి ఉంటే అలాగే తగిలించుకోవచ్చు. రెండు మూడు ముక్కలుగా ఉండే సెట్‌కి చాలాసార్లు ఇదే అందం. ఒక్కోదానికి ఒక్కో ఫ్రేమ్ పెడితే ముక్కల మధ్య సాగే గీత తెగిపోతుంది. ఖర్చూ లేదు. అయితే అంచుల మీది టెక్స్‌చర్‌కి ఏ రక్షణా ఉండదు. నడవాలోనో, డైనింగ్ కుర్చీ వెనకో, మంచం పక్కనో వద్దు. సోఫా వెనక, ఎవరి భుజం తగలనంత ఎత్తులో అయితే నిశ్చింతగా పెట్టండి. ముప్పావు అంగుళం చెక్క మీది కాన్వాస్‌ని మాత్రం ఫ్రేమ్ లేకుండా పెడితే పల్చగా, పని పూర్తికానట్టు ఉంటుంది.

గాడి ఉన్న పాత పద్ధతి ఫ్రేమ్

దేవుడి పటాలకి కట్టే తరహా ఇదే. లోపలి వైపు గాడి ఉంటుంది, దాని పెదవి కాన్వాస్‌ని నాలుగు వైపులా పావు అంగుళం దాకా కప్పుతుంది. నున్నటి పెయింటింగ్‌కి ఈ పావు అంగుళం లెక్కలోకి రాదు. టెక్స్‌చర్ అంచు దాకా ఉంటే మాత్రం పెదవి గట్ల మీద కూర్చుంటుంది. ఎత్తుపల్లాల వల్ల ఒక చోట ఆని, ఒక చోట ఆనక, చివరికి బిగించేటప్పుడు నలుపుతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ చిత్రాల గది చూసినవాళ్లకి ఆ వెడల్పాటి బంగారు రంగు ఫ్రేముల మీద మనసు పోవడం సహజం. ఆ చిత్రాలు నున్నగా వార్నిష్ వేసినవి, లోపల ఒక దృశ్యం ఉన్నవి. ఫ్రేమ్ అక్కడ కిటికీలా పనిచేస్తుంది. ఈనాటి టెక్స్‌చర్ పెయింటింగ్ లోపలికి చూసేది కాదు, గోడ మీద నుంచి మనవైపుకి వచ్చేది. దానికి చెక్కుడు పని ఉన్న ఫ్రేమ్ వేస్తే రెండూ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. మందపాటి రంగుకి పేరుపడ్డ వాన్ గో కూడా 1887 నాటి ఒక పళ్ల చిత్రానికి సాదా ఫ్రేమ్ తీసుకుని తనే పసుపు రంగు వేశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆయన మ్యూజియంలో ఆ చిత్రం ఈనాటికీ ఆ ఫ్రేమ్‌తోనే ఉంది.

అంచుల్లో ఒక అంగుళం దాకా టెక్స్‌చర్ లేకుండా చదునుగా ఉంటే, లేదా అంచులు బాగాలేక కప్పేయాలనుకుంటే గాడి ఫ్రేమ్ తీసుకోండి, అద్దం లేకుండా. మధ్యలో గట్లు ఎత్తుగా ఉన్నా దీనికి అడ్డురావు. వడ్రంగి చేత పక్కలకి సన్న చెక్క పట్టీలు కొట్టించడం ఇంకో చవక మార్గం. అంచులు పూర్తిగా నున్నగా ఉంటేనే అది. పట్టీ కాన్వాస్‌కి ఆనుకునే ఉంటుంది, పైగా మేకు కొట్టేటప్పుడు పుట్టే అదురుకి పేస్టు పగలొచ్చు.

అద్దం తప్పనిసరి అయ్యే పెట్టె ఫ్రేమ్

ఎండుటాకులు, దారం, చేతితో చేసిన కాగితం, గవ్వలు అతికించిన పనికి రక్షణ కావాలి. వంటగది దగ్గర పెట్టేదానికీ అంతే, తాలింపు పొగ జిడ్డు గట్ల మధ్య దిగితే తీయడం ఎవరి వల్లా కాదు. అప్పుడు లోతైన పెట్టె ఫ్రేమ్ చేయించి, అద్దానికీ అన్నిటికంటే ఎత్తైన కొనకీ మధ్య కనీసం 5, 6 మి.మీ. ఖాళీ ఉండేలా లోపలి అంచుల్లో పట్టీలు పెట్టించాలి. ఆయిల్ రంగైతే పూర్తిగా ఆరేదాకా ఆగాలి.

బరువు కూడా లెక్కలోకి తీసుకోండి. 24×36 అంగుళాలకి 3 మి.మీ. అద్దం ఒక్కటే 4 కిలోలు దాటుతుంది. అద్దం బదులు వేసే 2 మి.మీ. యాక్రిలిక్ ప్లాస్టిక్ షీటు అయితే కిలోన్నర లోపే, తేలిగ్గా పగలదు కూడా. కాకపోతే తుడిచినప్పుడల్లా స్టాటిక్ కరెంటు పుట్టి దుమ్మునీ, వదులుగా ఉన్న ఆకు పొరల్నీ తనవైపు లాక్కుంటుంది. ఎండుటాకుల పనికి అద్దం, పెద్ద సైజు గట్టి పేస్టు పనికి యాక్రిలిక్ షీటు అని నేను చెబుతాను.

చెక్కా, ఫైబరా, అల్యూమినియమా?

షాపుల్లో ఫైబర్ అనీ సింథటిక్ అనీ పిలిచేది చాలావరకు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్. చెదలు పట్టదు, చెమ్మకి ఉబ్బదు, ధర తక్కువ, రంగులు బోలెడు. మూడడుగుల లోపు పెయింటింగ్‌కి ఇది బాగానే పనిచేస్తుంది. ఆ పైన పొడవు పెరిగేకొద్దీ సన్నటి ఫైబర్ పట్టీ మధ్యలో వంగుతుంది. ఫ్లోటర్‌లో ఈ వంపు వెంటనే పట్టుబడుతుంది, ఎందుకంటే సందు ఒక చోట వెడల్పుగా, ఒక చోట సన్నగా కనిపిస్తుంది. పడమటి ఎండ నేరుగా పడే గోడకి కూడా దీన్ని నేను చెప్పను.

టేకు ఖరీదు ఎక్కువే, కానీ చేవ ఉన్న టేకుని చెదలు అంత తేలిగ్గా ముట్టవు, వానాకాలం వచ్చిపోయినా మూలలు విడవవు. నాలుగడుగులు దాటిన పెయింటింగ్, లప్పం లాంటి బరువైన టెక్స్‌చర్ ఉన్నది, తరతరాలు ఉంచుకోవాలనుకున్నది అయితే ఆ డబ్బు పెట్టొచ్చు. పైన్ తేలిక, అందమైన లేత రంగు. బాగా ఆరిన చెక్క కాకపోతే మెలి తిరుగుతుంది. చెక్క పొడిని జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ బోర్డు మీద నాకు నమ్మకం లేదు. కోసిన అంచు నుంచి చెమ్మ పీల్చుకుని ఉబ్బుతుంది, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో మరీను. అక్కడ అనోడైజ్ చేసిన, అంటే పైన రక్షణ పొర కట్టించిన, అల్యూమినియం ఫ్లోటర్ మంచి ఎంపిక, స్క్రూలు, కొక్కేలు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడగండి. మామూలు ఇనుపవి తుప్పు పట్టి గోడ మీద మరక దింపుతాయి.

లప్పం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. కొత్తగా టెక్స్‌చర్ వేసేవాళ్లు గోడలకి వాడే పుట్టీలో ఫెవికాల్ కలిపి కాన్వాస్ మీద పెడుతున్నారు. చూడటానికి బాగుంటుంది, ఆరాక గట్టిగా, పెళుసుగా అవుతుంది. బట్ట కదిలితే పగుళ్లిస్తుంది. ఇలాంటి పెయింటింగ్‌ని ఎవరూ వెనక నుంచి వేలితో నొక్కకుండా ఫ్రేమ్ వెనక గట్టి షీటు మూయించండి. గాలికి పైనా కిందా చిన్న రంధ్రాలుంచాలి. బల్లులు, దుమ్ము కూడా లోపలికి పోవు కాబట్టి వెనక మూత ఏ కాన్వాస్‌కైనా మంచిదే.

ఇప్పుడు రంగు, వెడల్పు

టెక్స్‌చర్ ఎంత బలంగా ఉంటే ఫ్రేమ్ అంత సాదాగా ఉండాలి. పెయింటింగ్‌లో అన్నిటికంటే గట్టిగా అరిచే రంగుని ఫ్రేమ్‌కి వేయకండి, వెనక నెమ్మదిగా ఉన్న ముదురు రంగుకి దగ్గరగా వెళ్లండి. తెలుపు మీద తెలుపు టెక్స్‌చర్ ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తోంది. దానికి తెల్ల ఫ్రేమ్ వేసి తెల్ల గోడకి తగిలిస్తే దూరం నుంచి ఏమీ తెలియదు. లేత చెక్క రంగు ఫ్లోటర్ పెడితే అది వెంటనే లేచి నిలబడుతుంది. బంగారు రేకు అద్దిన పెయింటింగ్‌కి మెరిసే బంగారు ఫ్రేమ్ వేస్తే లోపలి రేకు వెలవెలపోతుంది. నలుపు ఫ్రేమ్, లేదా లోపల నలుపుగా ఉండి ముందు అంచు మాత్రమే సన్నగా మాసిన బంగారు రంగులో ఉన్నది తీసుకోండి. ఏది నప్పుతుందో తేల్చుకోలేకపోతే మూల ముక్కని పెయింటింగ్ పక్కన పెట్టి, షాపు లైట్ల కింద కాకుండా బయట పగటి వెలుగులో చూడండి.

కొలతలు, ధర

స్ట్రెచర్ మీద బిగించిన కాన్వాస్ చెప్పిన కొలతకి కచ్చితంగా ఉండటం అరుదు. మడతల దగ్గర బట్ట లావెక్కుతుంది. రెండు నిలువులు, రెండు అడ్డాలు, రెండు మూలగీతలు విడివిడిగా కొలిపించండి. మూలగీతల్లో తేడా ఉంటే కాన్వాస్ వంకరగా ఉన్నట్టు, ఫ్లోటర్ కోసే ముందే దాన్ని సరిచేయాలి. ధర రన్నింగ్ ఫుట్ లెక్కన, అంటే పట్టీ పొడవు ఎన్ని అడుగులో దాన్ని బట్టి చెబుతారు. 24×36 పెయింటింగ్ చుట్టుకొలత 120 అంగుళాలు, అంటే 10 అడుగులు. మూలలు 45 డిగ్రీల్లో కోయాలి కాబట్టి మౌల్డింగ్ వెడల్పుకి ఎనిమిది రెట్లు అదనంగా పడుతుంది. రెండంగుళాల మౌల్డింగ్ అయితే ఇంకో 16 అంగుళాలు, మొత్తం 11 అడుగుల 4 అంగుళాలు. ఫ్లోటర్ అయితే చుట్టూ సందు కూడా కలపాలి. కోతలో కొంత పోతుంది. కాబట్టి బిల్లులో 12 అడుగులు రాస్తే అది న్యాయమైన లెక్కే.

అమెరికాలో ఉన్న పిల్లల గృహప్రవేశానికి ఇక్కడి నుంచి పెయింటింగ్ పట్టుకెళ్లేవాళ్లు ఫ్రేమ్ ఇక్కడ కట్టించకండి. మందమైన టెక్స్‌చర్‌ని చుట్టచుట్టి తీసుకెళ్లలేరు, పగులుతుంది. కాన్వాస్ చట్రంతోనే వెళ్లాలి. చాలా విమాన సంస్థల చెక్‌ఇన్ బ్యాగేజీకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 62 అంగుళాల పరిమితి ఉంటుంది. 24×24 పెయింటింగ్ ప్యాకింగ్‌తో సహా అందులో హాయిగా పడుతుంది. 24×36 అయితే కాన్వాస్ ఒక్కటే 61 అంగుళాలు దాటుతుంది, ఫ్రేమూ ప్యాకింగూ కలిస్తే కుదరదు. పైగా అక్కడ చలికాలం హీటర్ల పొడిగాలికి మన చెక్క కుంచించుకుపోయి మూలలు విడతాయి. అక్కడే ఫ్లోటర్ కొనుక్కోవడం అన్ని విధాలా మేలు.

తగిలించేటప్పుడు

ఫ్రేమ్ వెనక రెండు వైపులా డీ రింగులు, అంటే ఇంగ్లీషు 'డీ' ఆకారపు తగిలింపు రింగులు, పై నుంచి మూడో వంతు కిందకి పెట్టించండి. బరువైనదాన్ని ఒక్క మేకు మీద ఆపకండి. గోడకి రెండు ప్లగ్గులు, రెండు స్క్రూలు. ఫ్రేమ్ కింది మూలల వెనక చిన్న రబ్బరు బొడిపెలు అతికిస్తే గోడకీ కాన్వాస్‌కీ మధ్య గాలి ఆడుతుంది, వానాకాలంలో చెమ్మెక్కే బయటి గోడకి ఇది తప్పనిసరి. లైటు ఎదురుగా కాకుండా పైనుంచి గానీ పక్క నుంచి గానీ ఏటవాలుగా పడేలా చూసుకోండి. దుమ్ము తీయడానికి మెత్తటి, పొడి బ్రష్ చాలు, తడి గుడ్డ వద్దు. బ్రష్‌ని పై నుంచి కిందకి, గట్ల వాలు వెంట తేలిగ్గా కదపండి. ఫ్లోటర్ సందులో చేరిన దుమ్ముకి అదే బ్రష్ కొన సరిపోతుంది.